కుడి పక్క కుట్లు

నడుముకిచ్చిన మత్తు దిగుతుండగా నేను మొదట చేసిన పని, దుప్పటి కింద చెయ్యి పెట్టి కట్టు ఎక్కడుందో తడుముకోవడం. కట్టు కుడి గజ్జలో ఉంది. నాకు పేగు జారింది ఎడమ గజ్జలో. మత్తులో తికమక పడుతున్నానేమోనని, అన్నం తినే చెయ్యి పైకెత్తి చూసుకున్నాను. ఆ చేతి వైపే ఉంది కట్టు. ఎడమ పక్క చర్మం మీద చిన్న గీత కూడా లేదు.

అమ్మ స్టూలు మీద కూర్చుని తస్బీ పూసలు తిప్పుకుంటోంది. కళ్ళు తెరిచానని చూసి, "అయిపోయింది లే నాయనా, గండం గడిచింది," అంది. పొద్దుటి నుంచి ఏమీ తిన్నట్టు లేదు. ఆమె మొహం చూసి దుప్పటి మళ్ళీ కప్పుకున్నాను. అనాల్సింది డాక్టరుతో.

నా పేరు బాబావలి. మార్కాపురంలో మైకు ఆటో నాది. చీరల దుకాణంలో తగ్గింపు ధరలు, తప్పిపోయిన గేదె, ఎవరైనా కాలం చేస్తే జనాజా ఎన్ని గంటలకో, ఏది చెప్పాలన్నా నా గొంతే. పొదిలి సంతలో, కంభంలో, గిద్దలూరులో నా మొహం ఎవరూ గుర్తుపట్టరు, నోరు తెరిస్తే మాత్రం గుర్తుపడతారు. హారన్లు, బ్యాటరీలు ఎక్కించి దించి, దానికి తోడు బీడీ దగ్గు, ఎడమ గజ్జలో వాపు మొదలైంది. నిలబడితే నిమ్మకాయంత లేస్తుంది. దగ్గితే ఇంకాస్త ఉబ్బుతుంది. వెల్లకిలా పడుకుంటే లోపలికి జారి మాయమైపోతుంది. దాన్ని హెర్నియా అంటారని, ఆపరేషన్ తప్ప మందు లేదని నాకు ముందే తెలుసు. ఎందుకంటే ఆ మాట ఊరూరా తిరిగి చెప్పిందే నేను.

డాక్టర్ జీవానందం ఆస్పత్రి ప్రచారం నా ఆటోలోనే జరిగింది. "గజ్జల్లో వాపు ఉందా? బరువెత్తితే లాగుతోందా? చిన్న కోత, లోపల వల వేసి కుట్టడం, తొందరగా పనిలోకి." ఆ రికార్డింగు జనం ఒకసారి వింటే నేను వందసార్లు విన్నాను. నమ్మక చస్తానా. నా గొంతు విని నేనే పోయి ఆ బల్ల మీద పడుకున్నాను. ఆయన స్కానింగ్ కాగితం చూశాడు, తలూపాడు, రమ్మన్న రోజు చెప్పాడు. నా మొహం కేసి కూడా చూడలేదు.

సాయంత్రం ఆయన రౌండ్స్‌కు వచ్చాడు. పక్కన నర్సు ప్రసన్న ఉంది. వార్డులో మంచాలన్నీ నిండి ఉన్నాయి.

"సార్, నాది ఎడమ పక్క గదా," అన్నాను.

ఆయన చేతిలోని కాగితం చూశాడు. తర్వాత ప్రసన్న వైపు చూశాడు. ఆ పిల్ల తల దించుకుంది. అంతసేపూ ఆయన మొహంలో రంగు లేదు. ఆ సంగతి నేను చూశాను. తర్వాత గొంతు సవరించుకుని, "కుడి వైపు కూడా బలహీనంగా ఉంది. ముందు అది చేశాం. ఎడమది కొన్నాళ్ళాగి చేద్దాం," అన్నాడు.

"కుడి పక్క నాకెప్పుడూ ఏమీ లేదు సార్."

"నువ్వు డాక్టరువా, నేను డాక్టరునా? మైకులో ఏం అరవాలో నీకు తెలుసు. లోపల ఏముందో నాకు తెలుసు."

వార్డంతా నవ్వింది. పక్క మంచం మీద ఆదెయ్య అనే ముసలాయన కుట్లు పట్టుకుని మరీ నవ్వాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. తప్పు చేస్తే చేశాడు, మనిషన్నాక చేస్తాడు. తప్పని తెలిసీ నన్ను పదిమందిలో వెర్రివెంగళప్పను చేశాడు. ఆ మంచం మీదే నిర్ణయించుకున్నాను. ఈ మనిషి నోటితోనే, పదిమంది వింటుండగా, "తప్పు నాది" అని చెప్పించాలి. అది చెప్పించేదాకా నాకు నిద్ర లేదు.

ఇంటికి వచ్చాక పుండు మానింది గానీ కుడి గజ్జలో మంట మానలేదు. పచ్చిమిరపకాయ రుద్దినట్టు, లోపల ఎక్కడో. తొడ పైభాగం మొద్దుబారింది. గుడ్డ తగిలినా జివ్వుమంటుంది. ఆటో బ్రేకు కుడి కాలితోనే గదా వెయ్యాలి. తొక్కినప్పుడల్లా ఆ డాక్టరు పేరు నోట్లోకి వచ్చేది. మసీదులో నుదురు నేలకు ఆనించే సజ్దాకు వంగలేక కుర్చీ వేసుకుని నమాజు చేశాను. ఆ వరసలో అందరూ తాతలే, నలభై నిండనివాణ్ణి నేనొక్కణ్ణే. ఎడమ పక్క నిమ్మకాయ మాత్రం హాయిగా బత్తాయి అయింది.

ఒంగోలులో ఇంకో డాక్టరుకు చూపించుకున్నాను. ఆయన నిలబెట్టి దగ్గమన్నాడు, వేళ్ళతో నొక్కి చూశాడు. "కుడి వైపు కుట్టు బాగానే ఉంది. నరం ఏదో వలలో చిక్కుకున్నట్టుంది. ఇలా కొందరికి అవుతుంది, చాలామందికి మెల్లగా తగ్గుతుంది. కానీ అసలు ఎడమ వైపు వదిలేసి ఇటెందుకు చేశారు?" అని నన్నే అడిగాడు. ఆ ప్రశ్న జేబులో వేసుకుని ఇంటికి వచ్చాను.

ఎవరి పేరూ చెప్పకూడదనుకున్నాను. పేరు చెబితే కేసు పెడతాడు. అదే వరస, అదే గొంతు, వెనక అదే సన్నాయి పాట పెట్టి కొత్త రికార్డింగు చేశాను.

"పట్టణ ప్రజలకు, చుట్టుపక్కల గ్రామ ప్రజలకు మనవి. ఆపరేషన్‌కు పోతున్నారా? పోయే ముందు ఏ పక్క నొప్పో ఆ పక్క పెన్నుతో గుర్తు పెట్టుకోండి. పెన్ను లేనివారు బొగ్గుతో పెట్టుకోండి. గుర్తు లేనివారికి ఏ పక్క కోస్తారో ఎవరూ చెప్పలేరు. ఇట్లు, ఎడమ పక్క నొప్పితో పోయి కుడి పక్క కుట్లతో వచ్చిన మీ బాబావలి."

ముందు మార్కాపురంలో వేశాను. తర్వాత పొదిలి సంత. తర్వాత కంభం, గిద్దలూరు. శ్రీశైలం పోయే జనం టీలకు ఆగుతారని దోర్నాల జంక్షన్‌లో కూడా ఒక పూట నిలబెట్టాను. జనం ఆటో చుట్టూ మూగి మళ్ళీ వెయ్యమనేవాళ్ళు. ఎవరి గురించో అందరికీ తెలుసు. ప్రచారం చేసిన గొంతే గదా ఇది.

స్టేషన్ నుంచి పిలుపొచ్చింది. పోయి రికార్డింగు వినిపించాను. ఎస్సై మీసం కింద నవ్వు దాచుకుని, "పేరేదీ లేదు గదయ్యా," అని పంపేశాడు. బయటికొస్తుంటే ఒక కానిస్టేబులు గుమ్మం దాకా వచ్చి, కిడ్నీలో రాయి తీయించుకునే ముందు గుర్తు వీపు మీద పెట్టుకోవాలా, కడుపు మీదా అని గుసగుసగా అడిగాడు.

నేననుకున్నదానికంటే బాగా పట్టుకుంది. ఆ ఆస్పత్రికి వచ్చేవాళ్ళు ఒంటి మీద బాణం గుర్తులు గీయించుకుని రావడం మొదలుపెట్టారు. ఒకామె మోకాలికి గోరింటాకుతో పువ్వు పెట్టుకుని వచ్చిందట. కుట్లు చూపించుకోవడానికి వచ్చిన ఆదెయ్య, అయిపోయిన ఆపరేషన్‌కు కూడా బొగ్గుతో గీత గీసుకుని డాక్టరు ముందు పంచె ఎత్తాడట. ఈ సంగతులన్నీ ఆస్పత్రి ఎదురుగా ఉన్న టీ కొట్టులో కూర్చుని విన్నాను. ప్రతి ఒక్కటీ చక్కెర ఎక్కువ వేసిన టీలా గొంతు దిగింది. డాక్టరు కారు గేట్లోకి వచ్చినప్పుడల్లా నేను కప్పు పైకెత్తేవాణ్ణి. ఆయన తల తిప్పుకునేవాడు. దేవుడు క్షమించమన్నాడని మసీదులో చెబుతారు. నాకు ఆ రోజుల్లో క్షమించేంత తీరిక లేదు.

చివరికి కబురు పెట్టాడు. మధ్యాహ్నం ఓపీ అయ్యాక పోయాను. గదిలో ఆయన, ప్రసన్న ఉన్నారు. కుర్చీ చూపించాడు. నేను కూర్చోలేదు.

"ఎడమది నేనే చేస్తాను. నీ దగ్గర ఏమీ తీసుకోను. ఆ రికార్డింగు ఆపు," అన్నాడు.

"మైకు కింద ఆటోలో ఉంది సార్. వచ్చి ఒక్క మాట చెప్పండి. తప్పు నాది అనండి. ఆపేస్తా."

ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "సరే, చెప్తాను. అయితే మొత్తం చెప్తాను. ప్రసన్నా, ఆ రోజు జరిగింది ఆయనకు చెప్పు."

ప్రసన్న నా వైపు చూడకుండా చెప్పింది. "ఆపరేషన్ పొద్దున నువ్వు స్నానాల గదిలో ఉన్నావన్నా. ఏ పక్కనో రాయాలని మీ అమ్మను అడిగినా. ఆమె తన మీద చూపియ్యలేదు. లేచి పోయి, వరండా గోడకు పేగుల బొమ్మ పటం ఉంది గదా, దాని మీద ఏలు పెట్టింది. బొమ్మకు అది కుడి పక్క. నేను కుడి అని రాసినా."

నాకు అర్థం కావడానికి రెండు నిమిషాలు పట్టింది. బొమ్మలో మనిషి మనకు ఎదురుగా నిలబడి ఉంటాడు. మన ఎడమ చేతి వైపు ఉండేది అతనికి కుడి పక్క. అమ్మ తన ఎడమ చేతి వైపు వేలు పెట్టింది. నర్సు బొమ్మ లెక్కన చదువుకుంది. బల్ల మీద నేను వెల్లకిలా పడుకుని ఉన్నాను, వాపు లోపలికి జారిపోయింది, చూసేవాడికి రెండు పక్కలా ఒకటే.

అమ్మ తన మీద ఎందుకు చూపించలేదో నేను ఎవరినీ అడగక్కర్లేదు. మా ఇళ్ళల్లోనే కాదు, ఇటువైపు ఏ ఇంట్లోనైనా, ఒకరి జబ్బు ఎక్కడుందో చెప్పేటప్పుడు సొంత ఒంటి మీద చూపించుకోరు. చిన్నప్పుడు ఎవరికో కాలు విరిగిందని నా కాలు పట్టుకుని చెప్పబోతే అమ్మ చేతి మీద ఒక్కటిచ్చేది.

"ఇప్పుడు కిందికి పోదాం పద," అన్నాడు డాక్టరు. "తప్పు పక్క కోశానని చెప్తాను. తప్పు పక్క చూపించింది వీళ్ళమ్మ అని కూడా చెప్తాను."

ఆ క్షణంలో ఆయన గొంతు పిసకాలనిపించింది. "ఆమె ఏలు పెడితే మీరు కత్తి పెడతారా సార్? స్కానింగ్ కాగితం మళ్ళీ తీసి చూసినా, నన్ను లేపి నిలబెట్టి ఒక్కసారి దగ్గమన్నా తెలిసేది గదా. ఒంగోలాయన చేసినాడు ఆ పని."

ఆయన కిటికీ వైపు చూస్తూ, "అది కూడా చెప్పుకో. కానీ మీ అమ్మ పేరు చెప్పాక చెప్పుకో," అన్నాడు. చదువుకున్నవాడు ఎక్కడ కొట్టాలో తెలుసుకునే కొడతాడు. నేను మెట్లు దిగి వచ్చేశాను. మెట్టు మెట్టుకూ గజ్జ మండింది.

ఇంటికి పోయేసరికి అమ్మ చింతపండు గింజలు తీస్తోంది. నా భార్య ఇర్ఫానా కాన్పుకని కంభంలో పుట్టింటి దగ్గర ఉంది, అందుకని ఆ రోజుల్లో నన్ను చూసుకోవడానికి అమ్మ ఒక్కతే. నా కోసం కూర్చోవడానికి మెత్త వేసిన కుర్చీ జరిపింది.

"అమ్మా, ఆస్పత్రిలో నర్సు ఏ పక్క అని నిన్ను అడిగిందంట గదా," అన్నాను, ఏదో మాటవరసకు అన్నట్టు.

"అడిగింది. మగపిల్లోనివి, సిగ్గుపడతావని నేనే చెప్పినా."

"ఎట్ల చెప్పినావు?"

"ఎట్ల చెప్తారు? గోడ మీద బొమ్మకు చూపిచ్చినా. నా మీద చూపిచ్చుకుంటానా, అది నాకొచ్చిందంటే నిన్నెవరు చూసుకుంటారు? నీ మీద చూపిస్తే నీకు ఇంకా పెరుగుతది. ఆ బొమ్మకు పెరిగితే పెరగనీ, కాగితమే గదా." తన తెలివికి తనే మురిసిపోతూ నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, "రోజూ దువా చేస్తాండా. తప్పు పక్క కోసినోని చేతులు పడిపోవాల అని. పాపమైనా సరే," అంది.

నా మీద ఈగ వాలనివ్వని మనిషి. ఆ వేలే నన్ను కుర్చీలో కూర్చోబెట్టిందని తెలిస్తే ఈ మనిషి అన్నం ముట్టదు. సందులో ఎవరి మొహమూ చూడదు. ఆ శాపం తన చేతులకే తగిలించుకుంటుంది. ఆ డాక్టరు ఒక్కసారి మైకు పట్టుకుంటే చాలు, ఈ మాట చేరని సందు ఉండదు.

రెండు రోజులు ఆటో తియ్యలేదు. పగ వదులుకోవడమంటే నోట్లో ముద్ద తీసి పక్కన పెట్టడం. అది చేతకాక నానా రకాలుగా ఆలోచించాను. ఏ దారిలో పోయినా చివర అమ్మే ఉంది. మూడో రోజు పొద్దున ఆటోలో కూర్చుని, పళ్ళు నూరుకుంటూ ఇంకో రికార్డింగు చేశాను.

"పట్టణ ప్రజలకు, గ్రామ ప్రజలకు మనవి. ఇంతకు ముందు నా ఆపరేషన్ గురించి చెప్పిన మాటలు వెనక్కి తీసుకుంటున్నాను. కుడి పక్క అని డాక్టరుగారికి చెప్పింది నేనే. కంగారులో నేనే పొరపాటుగా చెప్పాను. డాక్టరుగారి తప్పేమీ లేదు. ఇట్లు, బాబావలి."

నా జీవితంలో నేను చెప్పిన అబద్ధపు ప్రకటనలు చాలా ఉన్నాయి. స్టాకు ఉన్నంతవరకే అన్నాను, నేడే ఆఖరు అన్నాను. ఏదీ ఇంత చేదుగా లేదు. పొదిలి సంతలో జనం నవ్వారు. కంభంలో ఒకడు అరటి తొక్క విసిరాడు. గిద్దలూరులో మళ్ళీ వెయ్యమని ఎవరూ అడగలేదు. ఏ పక్క నొప్పో కూడా తెలియనివాడని నాకు పేరొచ్చింది.

మా సందులో ఆ రికార్డింగు వెయ్యకుండా తిరిగాను. కానీ అమ్మ చెవిన పడనే పడింది. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి బురఖా వేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"నువ్వే చెప్పినావంట గదరా కుడి పక్క అని."

నేను తల దించుకున్నాను.

"నేను ఎడమ అని బొమ్మ మీద చూపిస్తే, నువ్వు లోపలికి పోయి కుడి అంటావా? తప్పు నువ్వు చేసి, ఆ మారాజును ఊరూరా బజారుకీడుస్తావా? నీ మాట నమ్మి ఆయన చేతులు పడిపోవాల అని నా నోటితో శాపం పెట్టినా గదరా. ఆ పాపం నాకెట్ల పోతది? నడువు. మాఫీ అడుగుదువు."

ఏం చెప్పను? చెప్పడానికి ఒకటే మాట ఉంది, అది చెప్పకూడదనే గదా ఇంత చేసింది. ఆటోలో వెనక కూర్చుని ఆస్పత్రి దాకా తిడుతూనే ఉంది. నేను బ్రేకు వేసినప్పుడల్లా మంటకు పెదవి కొరుక్కుంటుంటే, "బాగయింది," అంది.

ఓపీ అయిపోయింది. గదిలో డాక్టరు ఒక్కడే ఉన్నాడు. మమ్మల్ని చూడగానే లేచి నిలబడ్డాడు. గొడవకు వచ్చామనుకున్నాడేమో. నేను తలుపు మూసి, మంటకు నిలబడలేక అక్కడున్న కుర్చీలో కూర్చున్నాను. అమ్మ నేరుగా పోయి బల్ల మీద ఉన్న ఆయన రెండు చేతులూ పట్టుకుంది.

"నాయనా, మావోడు బుద్ధి తక్కువోడు. వాడి తప్పు మీ మీద ఏసినాడు. వాని మాట ఇని నేను ఈ చేతులను శపించినా. అల్లా ఆ మాట ఇనకుండా ఉండాల. మాఫీ చెయ్యండి నాయనా."

ఆ చేతుల వైపు వంగి ఏడ్చింది. డాక్టరు నా వైపు చూశాడు. నేను రికార్డింగు మార్చింది ఎందుకో ఆయనకు అప్పుడు అర్థమైంది. ఒక్క మాట బయటికి వస్తే అక్కడికక్కడే గొంతు పట్టుకుందామని నేను కాచుకుని ఉన్నాను. ఆయన చేతులు వెనక్కి తీసుకోలేదు.

"లేదమ్మా," అన్నాడు. "మీ అబ్బాయి తప్పు కాదు. ఇంకెవరి తప్పూ కాదు. తప్పు నాది. నిలబెట్టి చూడాల్సింది, చూడలేదు. తెలిశాక ఒప్పుకోవాల్సింది, ఒప్పుకోలేదు. తప్పు నాది."

ఆ మాట. దాని కోసమే గదా నాలుగు ఊళ్ళు తిరిగింది. సంతలో హారన్లు దద్దరిల్లేట్టు వినాలనుకున్నది, తలుపేసిన గదిలో, మెల్లగా, రెండుసార్లు అన్నాడు. అమ్మ వైపు చూశాను. విన్నావా, విన్నావా అని అరవాలనిపించింది.

అమ్మ విన్నది. బురఖా అంచుతో కళ్ళు తుడుచుకుని, ఆ మనిషిని కాసేపు అట్లాగే చూసింది. ఆ తర్వాత నా వైపు తిరిగింది.

"చూసినావురా? చేసిందంతా నువ్వు. అయినా నేను ఏడుస్తాంటే చూడలేక తన మీద ఏసుకుంటాండాడు. అదీ పెద్దమనిషంటే. ఎడమ పక్కది కూడా ఈ సారు చేతుల మీదనే చేపిచ్చుకో, ఇంకెవురు కాడికీ పోయేది లేదు. లెయ్. లేసి సలాం చేసి మాఫీ అడుగు."

డాక్టరు ఏదో అనబోయి ఆగిపోయాడు. ఇంకొక్క మాట ముందుకు పోతే ఏ మాట వస్తుందో మా ఇద్దరికీ తెలుసు. కుర్చీ చేతులు పట్టుకుని లేచాను. కుడి గజ్జ భగ్గుమంది. నేను ఈ భూమి మీద అందరికంటే ఎక్కువగా ద్వేషించే మనిషి ముందు వంగి సలాం చేసి, మాఫీ చెయ్యండి సార్ అన్నాను.